ఆ పాస్‌వర్డ్ పెట్టె దగ్గరే ఆగిపోతున్నారు

ఐటీ శాఖ కార్యదర్శి గారికి,

చూపులేని ఉద్యోగులకు కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచిత సాఫ్ట్‌వేర్. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు దీన్ని మొదలుపెట్టారు. తెలుగూ చదువుతుంది. కానీ ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామంది దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, యూఎస్‌బీ పనిచేసే చోట అలాగే నడుపుకుంటారు. తీరా పనిమధ్యలో ఆ పాస్‌వర్డ్ పెట్టె తెరపైకి రాగానే ఎన్‌వీడీఏ మూగబోతుంది. ఇన్‌స్టాల్ చేయని కాపీకి ఆ పెట్టెను చదివే అనుమతి విండోస్ ఇవ్వదు. పక్కసీటు వాళ్లు వచ్చి చెప్పేదాకా ఉద్యోగి చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే.

ఆ పాస్‌వర్డ్ తాళం వద్దని ఎవరూ అనడం లేదు. భద్రత అవసరమే.

2017 మేలో వన్నాక్రై అనే వైరస్ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అయితే ఆ వైరస్ పాకింది విండోస్‌లోని లోపం గుండా. దాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. అప్‌డేట్లు ఆపి, అవసరమైన సాఫ్ట్‌వేర్‌నూ ఆపితే భద్రత ఎక్కడిది?

ఉద్యోగికి తగిన సర్దుబాట్లు కల్పించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశిస్తోంది. దయచేసి ఎన్‌వీడీఏను ఆమోదిత జాబితాలో చేర్చండి. పరీక్షించిన కాపీని శాఖ సర్వర్ నుంచే పంపించండి. అప్పుడు ఏ ఉద్యోగికీ అడ్మిన్ హక్కులు ఇవ్వనక్కర్లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోరే కొత్త అర్జీలకు జవాబిచ్చే గడువునూ, అధికారి పేరునూ ప్రతి కార్యాలయానికీ రాతపూర్వకంగా తెలపండి.