గదిలో మిగిలిన పిల్ల

2024 మే నెలలో కోబెలో 400 మీటర్ల టి-20 పరుగును 55.07 సెకన్లలో ముగించి, అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మేధోవైకల్యం ఉన్న ఈ అమ్మాయిని చిన్నప్పుడు ఊళ్లో వాళ్లు వెక్కిరించారు. అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లిదండ్రులకు చెప్పారు. పతకం రాగానే 'అద్భుతం' అన్నారు. వెక్కిరింతలోనూ, పొగడ్తలోనూ ఆమె ఏళ్ల తరబడి చేసిన సాధన లేదు.

2016లో రియోలో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన అమెరికన్ యువకుడు మైకీ బ్రానిగన్‌కు ఆటిజం ఉంది. అతను ఆటిజంతోనే పరుగెత్తాడు, దాన్ని ఓడించి కాదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక నివేదికలో 'ఆటిజంతో బాధపడుతున్న బాలిక' అని రాశాను. బడిలో ఆటల పీరియడ్‌కు ఆ పిల్లను గదిలోనే కూర్చోబెడతారని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. అసలు బాధ అది. నేను రాయనిదీ అదే.

ఆటిజాన్ని పేరు పెట్టి గుర్తించిన 2016 వికలాంగుల హక్కుల చట్టం, బడిలో అందరితో సమానంగా ఆడే అవకాశం ఇవ్వాలంటోంది. 'ఆడపిల్ల, అందులోనూ ఇలాంటి పిల్ల' అన్న జాలి ఆ హక్కును గడప దాటనివ్వదు.

ఈ సంచిక నుంచి 'బాధపడుతున్న' అన్న మాట మేం రాయం. మీరు పనిచేసే ఊళ్లలో ఆటల వేళ గదిలో ఎవరు మిగిలిపోతున్నారో చూడండి, అడగండి.