చేతిలో తెర, చేతికందని చదువు

చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసే యువకుల చేతుల్లో సెల్‌ఫోన్లు ఉంటాయి. వాటిలో చాలావాటికి తెర వెనుక దీపమంటూ ఉండదు. తెర మీది ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నలుపు కావలసిన చోట ఆరిపోతుంది. దీనినే ఓ.ఎల్.ఇ.డి. అంటున్నారు. అంటే కర్బన రసాయనాలతో చేసిన కాంతి డయోడ్. కరెంటు పారితే వెలిగే ఈ పొరలన్నీ కలిపినా మందం తలవెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు.

ఈ వెలుగు పుట్టిన తీరు మన విద్యార్థులు తెలుసుకోదగినది. హాంకాంగ్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన చింగ్ టాంగ్, కొడక్ కంపెనీలో కర్బన పదార్థాలతో సౌర ఘటాలు చేసే పనిలో ఉండేవారు. ఎండ నుంచి కరెంటు తీయడానికి పనికివచ్చిన రెండు పొరల పద్ధతినే ఆయన కరెంటు నుంచి కాంతి తీయడానికి వాడారు. 1987లో స్టీవెన్ వాన్ స్లైక్‌తో కలిసి, పది వోల్టులలోపే ఆకుపచ్చగా వెలిగే డయోడ్‌ను లోకానికి చూపారు.

అయితే కొడక్ దానిని నిలుపుకోలేకపోయింది. 2009లో ఆ వ్యాపారాన్ని కొరియాకు చెందిన ఎల్.జి.కి అమ్మివేసింది. కనిపెట్టింది ఒకరు, బాగుపడింది మరొకరు. ప్రయోగశాలకూ కర్మాగారానికీ మధ్య రాకపోకలు ఉన్నచోటే విద్య అన్నం పెడుతుంది.

పని ఇంకా పూర్తి కాలేదు. చిక్కంతా నీలం రంగుతోనే. నీలి కాంతికి శక్తి ఎక్కువ కావాలి. ఆ శక్తికి అణువులే దెబ్బతిని, ఎరుపు, ఆకుపచ్చల కన్నా నీలం ముందుగా వాడిపోతుంది. పైగా మామూలు కర్బన అణువులలో కరెంటు పుట్టించే ఉత్తేజంలో నాలుగో వంతు మాత్రమే కాంతికి పనికివస్తుంది. మిగతాది కూడా రాబట్టడానికి 1990ల చివర ప్లాటినం, ఇరిడియం సమ్మేళనాలు వాడారు. ఇరిడియం అరుదైనది, ఖరీదైనది. 2012లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహయా అదాచి బృందం ఆ లోహాలు లేకుండానే పని జరిపించే అణువులను చూపింది. కానీ మన్నికైన నీలం కోసం ప్రపంచమంతటా వెదుకులాట సాగుతూనే ఉంది.

ఆ వెదుకులాట మనకు అందనిదేమీ కాదు. కొత్త అణువును కూర్చడం, దానిని మలినం లేకుండా శుద్ధి చేయడం హైదరాబాద్‌కు తెలిసిన విద్య. 1944లో మొదలైన ప్రయోగశాలే నేటి తార్నాక ఐ.ఐ.సి.టి.; మందుల పరిశ్రమకు ఊతమిచ్చిన సంస్థ అది. అక్కడా, కంది ఐ.ఐ.టి.లోనూ కాంతి పదార్థాలపై పరిశోధన జరిగింది. ఇటు మొయినాబాద్ మండలంలో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. కానీ ఆ ప్రయోగశాలకూ ఈ తరగతి గదికీ మధ్య దారి బహు ఇరుకు. బజారులో కొన్న ప్రాజెక్టు రిపోర్టుతో చివరి సంవత్సరం గట్టెక్కే వారెందరో అందరికీ తెలిసిందే. ఇది శోచనీయం.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం చిప్‌లకూ, తెరల కర్మాగారాలకూ కలిపి 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. సంతోషమే. కానీ యంత్రాలను కొనితెచ్చుకోవచ్చు, వాటిని ఎరిగిన మనుషులను కొనితెచ్చుకోలేము. జంట జలాశయాల ఎగువన ఉన్న మన ప్రాంతానికి రసాయన కర్మాగారాలు వద్దు. ఆ నీరు పాడుచేసుకోరాదు. చదువుకు మాత్రం పొగగొట్టంతో పనిలేదు.

కనుక పరిశోధన సంస్థలు ఏటా వేసవిలో ఈ కాలేజీల విద్యార్థులకు కొన్ని స్థానాలు కేటాయించాలి. యాజమాన్యాలు పోటీలు మాని, అందరికీ ఉమ్మడిగా ఒక పదార్థ విజ్ఞాన ప్రయోగశాల ఏర్పాటు చేసుకోవాలి. పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్ సొమ్ము నెలనెలా అందేలా ప్రభుత్వం చూడాలి. నెలల తరబడి చేతికి డబ్బు రానివాడు ప్రయోగం మీద మనసు నిలపలేడు.

వీసాకు మొక్కడం తప్పు కాదు. టాంగ్ కూడా పుట్టిన ఊరు విడిచి వెళ్ళినవారే. కానీ వెళ్ళడం ఒక్కటే దారి కాకూడదు. ఉండిపోయిన వానికీ, తిరిగివచ్చిన వానికీ ఇక్కడ పనిచేసే బల్ల ఒకటి ఉండాలి.