ఇల్లు కనబడే ఉపగ్రహానికి పొలం కనబడదా?

మన బత్తాయి రైతులకు కొత్తపేట అంటే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. అది బాటసింగారం పోయింది. ఇప్పుడు కొత్తపేట పేరు మూసీ వల్ల వినబడుతున్నది. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ల గోడలపై ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. నదీగర్భమని అర్థమట. కొత్తపేట, చైతన్యపురి జనం రోడ్డెక్కారు. ఆ జూలైలోనే పుట్టిన హైడ్రా, పాత ఉపగ్రహ చిత్రాలు చూపి చెరువుల ఆక్రమణలు తేలుస్తున్నది.

మంచిదే, చిత్రం సాక్ష్యమే అనుకుందాం. మరి అదే సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం జిల్లా పొలాల్లో ఇసుక మేటలు వేసింది, ఒడ్డు పొలాలను కోసుకుపోయింది. ఆ చిత్రాలను ఏ పంచాయతీ గోడకు అంటించారు?

నిబంధన లేక కాదు. విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల ప్రకారం నది దారి మారి భూమి పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000 రూపాయలు. 3 అంగుళాలు మించి మేట వేస్తే 18,000. అంటే శాశ్వతంగా పోయిన ఎకరాకు 19 వేలు! ఆ ధరకు ఎకరా అమ్మే ఊరు ఏదో చెప్పండి, మేమే కొంటాం. ఆ కాస్తకూ రెవెన్యూ రికార్డులో పేరుండాలి. కౌలుదారుకు అదీ లేదు.

లెక్క చూడండి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం, అంటే దాదాపు 120 గజాలు. 60 గజాల పేదవాడి ఇల్లు అందులో సగం చుక్క. ఎకరా పొలమైతే 40 చుక్కలు. పాత ల్యాండ్‌శాట్ చిత్రాల్లో చుక్క 30 మీటర్లు, ఇల్లు ఇంకా అలుక్కుపోతుంది. ఏటికోతను కొలవడానికి ఇంత పనికొచ్చే సాధనాన్ని ఇళ్ల మీదికి తిప్పుతున్నారు. పైగా మే నెల ఏరు, ఆగస్టు ఏరు ఒకటి కాదు. ఏ తేదీ చిత్రమో చెప్పకుండా గీసిన గీత హద్దు కాదు.

మేము అడిగేది ఇది. వానాకాలానికి ముందొకటి, వరద తగ్గాక ఒకటి, తేదీ, సర్వే నంబర్లతో చిత్రాలు గ్రామసభలో పెట్టాలి. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి ఇది కొత్త పని కాదు. మబ్బుల్లోంచి చూసే రాడార్ చిత్రాలతో అది వరద పటాలు గీస్తూనే ఉన్నది. ఆ చిత్రాన్నే నష్టపరిహారానికి రుజువుగా తీసుకోవాలి. సాగులో ఉన్నది కౌలుదారైతే ఆయన పేరే రాయాలి.