తెర దాటిన బుజ్జి బొమ్మల దుకాణానికి చేరేదెలా?

2024 మే 22న హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ‘కల్కి 2898 ఏడీ’ చిత్ర బృందం ఒక వాహనాన్ని ప్రజల ముందుకు తీసుకువచ్చింది. దాని పేరు బుజ్జి. కథానాయకుడు భైరవకు తోడుగా ఉండే ఈ వాహనం మాట్లాడుతుంది, అలుగుతుంది, అవసరమైతే యంత్రమానవుడి ఆకారం దాల్చుతుంది. దానికి నటి కీర్తి సురేశ్ గాత్రం అందించారు. దర్శకుడు నాగ్ అశ్విన్ ఊహించిన ఈ రూపాన్ని కోయంబత్తూరులోని జయం సంస్థ, మహీంద్రా ఇంజినీర్లు కలిసి నిజంగా నడిచే వాహనంగా నిర్మించారు. సుమారు ఆరు టన్నుల బరువు, ఆరు మీటర్లకు పైగా పొడవు, ముందు రెండు భారీ చక్రాలు, వెనుక ఒకటి, 47 కిలోవాట్ అవర్ల బ్యాటరీ దీని ప్రత్యేకతలు. ఫార్ములా వన్ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా దీనిని నడిపి చూశారు.

సినిమా కంటే ముందే, అదే నెల 31న ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ కథలు అమెజాన్ ప్రైమ్‌లో విడుదలయ్యాయి. ప్రచారంలో భాగంగా బుజ్జి బొమ్మలు, స్టిక్కర్లు కొందరు ప్రముఖుల ఇళ్లలోని పిల్లలకు కానుకలుగా చేరాయి. జూన్ 27న చిత్రం థియేటర్లకు వచ్చే నాటికి తెలుగు పిల్లలకు బుజ్జి పరిచిత నేస్తమైంది. ఒక తెలుగు చిత్రం పిల్లలను ఉద్దేశించి ఇంత శ్రద్ధగా ఒక యంత్ర పాత్రను తీర్చిదిద్దడం అరుదైన విషయం. అయితే ప్రచార కానుకగా పంచే బొమ్మ వేరు, ఏళ్ల తరబడి దుకాణంలో దొరికే బొమ్మ వేరు. మొదటిది సినిమాకు ఖర్చు పద్దు. రెండోది ఒక పరిశ్రమ.

ఈ తేడా తెలియాలంటే ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ చరిత్ర చూడాలి. అక్కడ ముందు పుట్టినది బొమ్మే. జపాన్‌కు చెందిన తకారా సంస్థ తయారుచేసిన రూపం మార్చుకునే బొమ్మలను అమెరికా సంస్థ హాస్‌బ్రో తీసుకుని, 1984లో వాటికి పేర్లు, స్వభావాలు, కథలు కల్పించింది. యానిమేషన్ ధారావాహిక అదే ఏడాది వచ్చింది. భారీ వ్యయంతో చలనచిత్రం రావడానికి 2007 వరకు ఆగవలసి వచ్చింది. మిరాజ్ అనే పాత్ర ఆరంభంలో ఫార్ములా వన్ రేసు కారు. 2023 నాటి చిత్రంలో అదే పేరుతో పోర్షే కారుగా కనిపించింది. రూపం మారిన ప్రతిసారీ పిల్లల చేతికి కొత్త బొమ్మ వచ్చింది. బొమ్మను నిలబెట్టడానికి కథ, కథను గుర్తుంచడానికి బొమ్మ పరస్పరం పనిచేశాయి.

మన దేశంలో బొమ్మల తయారీకి అనువైన విధానాలు గత కొన్నేళ్లలో రూపుదిద్దుకున్నాయి. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014-15లో 33 కోట్ల డాలర్లకు పైగా ఉన్న దిగుమతులు 2022-23లో సుమారు 16 కోట్ల డాలర్లకు తగ్గాయి. ఇదే కాలంలో ఎగుమతులు 9.6 కోట్ల డాలర్ల నుంచి 32.5 కోట్ల డాలర్లకు పెరిగాయి. గోడ కట్టడం పూర్తయింది. గోడ లోపల ఏ బొమ్మ తయారవుతుంది, దాని రూపంపై హక్కు ఎవరిది అన్నదే ఇప్పటి ప్రశ్న.

ఇక్కడే సినీ రంగం గమనించవలసిన చట్టపరమైన చిక్కు ఒకటుంది. కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హత ఉండీ నమోదు చేయించని రూపాన్ని హక్కుదారు గానీ, ఆయన అనుమతి పొందినవారు గానీ పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే, ఆ డిజైన్‌పై కాపీరైట్ ముగిసిపోతుంది. డిజైన్ నమోదు చేయించుకుంటే పదేళ్లు, పొడిగింపుతో పదిహేనేళ్లు రక్షణ లభిస్తుంది. కానీ నమోదుకు దరఖాస్తు చేసేనాటికి ఆ రూపం లోకానికి వెల్లడై ఉండకూడదు. అంటే టీజర్ విడుదలైన తరువాత బొమ్మల గురించి ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. పోనీ పేరును ట్రేడ్‌మార్క్‌గా కాపాడుకుందామంటే, బుజ్జి అన్నది ప్రతి తెలుగింటా వినిపించే ముద్దుపేరు. కేవలం పేరును నమ్ముకుని అనుకరణలను అడ్డుకోవడం సులభం కాదు.

ఈ అనుకరణల భారం చివరకు పిల్లలపైనే పడుతుంది. పేరున్న పాత్రకు అధికారిక బొమ్మ అందుబాటు ధరలో లేనప్పుడు, ఐఎస్ఐ గుర్తు లేని నాసిరకం ప్లాస్టిక్ బొమ్మ ఆ ఖాళీని పూరిస్తుంది. రూపం మార్చుకునే బొమ్మల్లో చిన్న భాగాలు, బ్యాటరీలు ఉంటాయి. ఊడిపోయిన భాగాన్ని పసిపిల్లలు మింగే ప్రమాదం ఉన్నందునే ప్రమాణాలలో దీనిపై ప్రత్యేక పరీక్షలు ఉన్నాయి.

గిరాకీ తెలుగు రాష్ట్రాలకే పరిమితమని అనుకోనవసరం లేదు. ‘కల్కి’ హిందీతో సహా పలు భాషల్లో విడుదలైంది. 1931లో విజయనగరం, రాయ్‌పూర్‌లను కలిపే రైలు మార్గం పూర్తయిన తరువాత ఈ రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు మరింత పెరిగాయి. రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్‌లో పెరిగే తెలుగు పిల్లవాడు బుజ్జి మాటలను తెలుగులో వింటే, పక్కింటి స్నేహితుడు హిందీలో వింటాడు. ఇద్దరూ కలిసి ఆడుకునే బొమ్మకు మాత్రం అనువాదం అక్కరలేదు.

ఆ బొమ్మ ప్లాస్టిక్‌దే కావాలన్న నియమమూ లేదు. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క రంగులద్దే ఏటికొప్పాక కళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అలాంటి గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు, నమోదైన అధీకృత కళాకారులు తయారుచేసినప్పుడు, తప్పనిసరి ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. కీళ్లు మడిచి రూపం మార్చే యంత్రం కర్రలో కుదరకపోవచ్చు. గుండ్రని చక్రాలు, నునుపైన అంచులు ఉన్న బండి మాత్రం ఆ చేతులకు అలవాటైన పనే.

‘కల్కి’ రెండో భాగం వస్తుందని నిర్మాతలు ఇదివరకే ప్రకటించారు. కొత్త వాహనం గానీ, కొత్త రూపం గానీ ఉంటే, తొలి చిత్రం బయటపెట్టకముందే డిజైన్ నమోదు, ధ్రువీకరణ ఉన్న తయారీదారులతో ఒప్పందం, కళాకారులకు లైసెన్సు అనే మూడు పనులు పూర్తికావాలి. రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు, చలనచిత్ర సంస్థలు ఇందుకు చొరవ చూపితే, ఆరు టన్నుల వాహనాన్ని నిర్మించిన నైపుణ్యానికి అరచేతిలో ఇమిడే బొమ్మ పెద్ద సవాలు కాబోదు.