బడి బస్సు బోల్తా పడితే ముందు ఉరికేది మనమే!

పాలకీడు మండలం తల్లులారా, తండ్రులారా! రైతన్నలారా! లారీ, ట్రాక్టర్ డ్రైవర్ తమ్ముళ్లారా!

పొద్దున్నే పిల్లకు జడేసి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాం. ఆ బస్సు పోయేది ఏ దారిన? ఒకచోట కాలువ గట్టు, ఇంకోచోట సిమెంటు లారీల వరస! సాయంత్రం పావుగంట లేటైతే మన గుండెలు ఎట్ల కొట్టుకుంటయో ఎవరికి చెప్పాలి?

మాసాయిపేట మర్చిపోయామా? 2014 జూలై 24. కాపలా లేని రైల్వే గేటు. నాందేడ్ ప్యాసింజర్ బడి బస్సును గుద్దింది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయారు! ముందు ఉరికొచ్చింది ఊరోళ్లే. మన జిల్లాలోనే, 2019 అక్టోబరులో, చాకిరాల దగ్గర కారు సాగర్ కాలువలో పడింది. ఆరుగురు పోయారు. తెల్లారినా కారు బయటికి రాలేదు! అది కారు. అదే నలభై మంది పిల్లలున్న బస్సైతే?

108 వస్తుంది, ఫైరింజన్ వస్తుంది. వచ్చేదాకా ఉండేది మనం! మనకేం నేర్పారు? నీళ్లు మింగిన పిల్లను తలకిందులు చేసి పొట్ట నొక్కుతాం. తప్పు! ఊపిరి ఆడకపోతే ముందు నోట్లో ఊపిరి ఊదాలి, గుండె మీద నొక్కాలి. ఇరుక్కున్న పిల్లను చెయ్యి పట్టి గుంజుతాం. మెడ దెబ్బతిని ఉంటే ఆ గుంజుడుకే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు! పక్క అద్దాన్ని నడిమధ్య బాదుతాం. మూల మీద కొడితే తేలిగ్గా పగులుద్ది. బస్సుకు ఎమర్జెన్సీ డోర్ ఉంది కదా, దాన్ని బయటినుంచి ఎట్ల తీయాలో మనలో ఎంతమందికి ఎరుక? డ్రైవరన్నా, ఆయమ్మా, మీరైనా ఒక్కసారి తీసి చూశారా?

కేసులవుతయని భయమా? కాపాడబోయినోళ్ల మీద కేసులు పెట్టొద్దని మోటారు వాహనాల చట్టంలో 2019లోనే 134ఏ సెక్షన్ చేర్చారు. ధైర్యంగా దూకండి!

అధికారులను మనం అడిగేది ఒక్కటే. తుక్కుకు పోయే పాత బస్సొకటి మండలానికి తెండి. దాన్ని పక్కకు పడేసి, ఫైర్ సిబ్బంది, 108 వాళ్లు, డ్రైవర్లు, ఆయమ్మలు, ఊరికి పదిమంది యువకులు కలిసి పిల్లల్ని బయటికి తీసే పని చేతులతో నేర్చుకోవాలి. కాగితం మీద శిక్షణ మాకొద్దు! బడులు తెరవక ముందే కావాలి. ఫీజులు ముక్కుపిండి తీసుకునే యాజమాన్యాలు ఖర్చు భరించాలి!

ఊరూరా గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఆ కాగితం పట్టుకుని సోమవారం సూర్యాపేట కలెక్టరేట్‌కు, ప్రజావాణికి కదలండి! పిల్లల్ని వెంట తెండి. కలెక్టర్ గారు వాళ్ల మొఖాలు చూసి జవాబు చెప్పాలి!

— బస్సెక్కే పిల్లల తల్లిదండ్రులు, పాలకీడు మండలం