జిగురు మార్చాలి... జాగ్రత్తగా!

సోఫా లోపలి స్పాంజి ముక్కలు ఒకదానికొకటి అంత గట్టిగా ఎలా అతుక్కుంటాయి? జిగురు స్ప్రే చేసి నొక్కితే క్షణాల్లో పట్టేస్తుంది. ఆ వేగమంతా జిగురును పలచన చేసే ద్రావణిది. అమెరికాలో చాలాకాలం ఆ పని చేసిపెట్టింది మిథిలీన్ క్లోరైడ్. చటుక్కున ఆవిరైపోతుంది, ఓ పట్టాన మండదు. కార్ఖానాకి ఇంకేం కావాలి!

పీల్చేవాళ్ల సంగతే వేరు. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గాలాడని చోట మత్తెక్కించి ప్రాణమే తీస్తుంది. 1980 నుంచి కనీసం 88 మంది అలా చనిపోయారని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. ఎక్కువమంది ఇళ్ల మరమ్మతు పనివాళ్లే. 2024లో ఆ సంస్థ నిషేధం తెచ్చి, చాలా పరిశ్రమలకు 2026 ఏప్రిల్ 28ని గడువుగా పెట్టింది. విమానాల తయారీలో వాడే జిగురు లాంటి కొన్నిటికి మాత్రం కఠిన షరతులతో మినహాయింపు.

మానేయడం సరే, బదులేంటి? అసలు చిక్కంతా ఇక్కడే. 1990ల్లో ఆంక్షలు బిగిశాక కొన్ని స్పాంజి కార్ఖానాలు ఎన్-ప్రొపైల్ బ్రోమైడ్ వైపు మళ్లాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. నరాలు దెబ్బతిని, కాళ్లు తిమ్మిరెక్కి కొందరు కార్మికులు సరిగా నడవలేకపోయారు. పోనీ అసిటోన్ వాడదామా అంటే చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. స్విచ్చుల నుంచి ఫ్యాన్ల దాకా అన్నీ మార్చుకోవాలి.

మిగిలింది నీళ్లతో చేసే జిగురు. ఆరడానికి టైం పడుతుంది. తుప్పు పట్టని స్ప్రే గన్లు కావాలి, ముక్కలు పరచడానికి జాగా కావాలి. అందుకే ముందు ఒక్క బల్ల మీద వాడి, అతుకు నిలుస్తుందో లేదో చూసుకుని... ఆ తర్వాతే మిగతా బల్లలకు.

మరి మినహాయింపు దొరికినచోట పనివాళ్ల మాటేమిటి? ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఈ ఆవిరి ఆగదు. మామూలు ఫిల్టర్ మాస్కుకీ లొంగదు. గొట్టంతో మంచి గాలి అందించాల్సిందే.