మన ఊరి కంపెనీ: గర్వం సరే, లెక్క మాటేంటి?

గుడివాడ వైపు ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ డైలాగ్ మీరూ వినే ఉంటారు: "మేఘా మా ఊరోళ్లదే రా!" మా హాస్టల్‌లో ప్లేస్‌మెంట్స్ టాపిక్ వచ్చిన ప్రతిసారీ ఇది వస్తుంది. మొదట్లో నవ్వేసేవాడిని. ఆ కంపెనీ చరిత్ర చదివాక నవ్వు ఆగింది. గర్వపడటానికి నిజంగానే చాలా ఉంది. అడగటానికీ అంతే ఉంది.

గుడ్లవల్లేరు మండలం దోకిపర్రుకి చెందిన పి. పిచ్చిరెడ్డి గారు 1989లో హైదరాబాద్‌లో మేఘా ఇంజనీరింగ్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. అప్పుడు అది పైపులు తయారుచేసే చిన్న యూనిట్. బంధువైన పి.వి. కృష్ణారెడ్డి గారు తర్వాత చేరి, మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. 2006లో పేరు మేఘా ఇంజనీరింగ్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్స్‌గా మారింది. నీళ్ల పైపుల దగ్గర మొదలై గ్యాస్ పైపుల దాకా వచ్చారు. 2020లో డ్రిల్‌మెక్ అనే ఇటలీ రిగ్గుల కంపెనీనే కొనేశారు. ఓఎన్‌జీసీకి 47 రిగ్గులు ఇచ్చే ఆర్డర్ కూడా వీళ్లదే.

ఇక మన జిల్లాకి రండి. దోకిపర్రు వంటిళ్లలోకి పైపు గ్యాస్ వచ్చింది. బందరు పోర్టు కడుతున్నది మేఘానే. పట్టిసీమలో 24 పంపులు పెట్టి గోదావరి నీళ్లని ప్రకాశం బ్యారేజీకి తోడే ఎత్తిపోతల కట్టిందీ వాళ్లే. కాలువ చివర ఉండే దివిసీమ రైతుకి ఆ నీళ్ల విలువ ఏంటో మనం చెప్పక్కర్లేదు. అంటే స్టవ్ మీద మంట, పొలంలో తడి, రేపు పోర్టులో ఓడ... మూడింట్లోనూ ఒకే కుటుంబ కంపెనీ చెయ్యి ఉంది.

నా పాయింట్ ఇక్కడే. సిలిండర్ అయితే ఇండేన్ నచ్చకపోతే హెచ్‌పీకి మారతాం. పైపు గ్యాస్‌లో అలా కుదరదు. నియంత్రణ బోర్డు ఒక ప్రాంతాన్ని ఒక కంపెనీకి అప్పజెబుతుంది, ఆ వీధిలో ఆ కంపెనీ పైపే ఉంటుంది. పోర్టు, ఎత్తిపోతల అయితే కట్టేది ప్రజల డబ్బుతోనే. కానీ మేఘా షేర్ మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీ. లిస్టెడ్ కంపెనీలా మూడు నెలలకోసారి లెక్కలు జనం ముందు పెట్టాల్సిన పని లేదు.

2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మార్చిలో లిస్టు బయటికొచ్చింది. ఎక్కువ బాండ్లు కొన్నవాళ్లలో మేఘాది రెండో స్థానం, 966 కోట్లు. బీజేపీ, బీఆర్ఎస్, డీఎంకే, వైసీపీ, టీడీపీ... చాలా పార్టీలకి వెళ్లింది ఆ డబ్బు. కొన్నప్పుడు అది చట్టబద్ధమే, తప్పు చేశారని నేను అనట్లేదు. కానీ కాంట్రాక్టులిచ్చే ప్రభుత్వాలు నడిపే పార్టీలకి, కాంట్రాక్టులు తీసుకునే కంపెనీ ఎంత ఇచ్చిందో జనానికి కోర్టు చెప్తేగానీ తెలియకపోవడం మాత్రం తప్పే.

"మనోడు ఎదిగితే ఓర్వలేవా?" అని హాస్టల్‌లోనే అడిగారు. ఫ్రెండ్ రాసిన కోడ్ కదా అని రివ్యూ చెయ్యకుండా మెర్జ్ చేస్తామా? మన ప్రాజెక్ట్ అయితే ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాం. ఊరి కంపెనీ విషయంలోనూ అంతే. పరాయివాడిని ఎవరైనా అడుగుతారు, మనవాడిని అడగాల్సింది మనమే.

అందుకే "మాదే రా" అనేవాళ్లకి నాదొకటే రిక్వెస్ట్. 1989 కథ చెప్పేటప్పుడు 2024 లిస్టు కూడా చెప్పండి. రేపు ఏ ఇన్‌ఫ్రా కంపెనీ క్యాంపస్‌కి వచ్చినా ప్యాకేజీ ఎంత అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: మీ ప్రాజెక్టుల లెక్కలు జనం ఎక్కడ చూడొచ్చు? జవాబు చెప్పగలిగితే అప్పుడు "మాదే" అని ఇంకా గట్టిగా అనొచ్చు.